రొట్టెలో మడిచిన ఆకు

డేటన్, ఒహాయో
27 ఆగస్టు 1957

ఒర్లీనా అక్కా,

నువ్వు క్షేమమా అని అడగడం లేదు. నీకేం, బాగానే ఉండి ఉంటావు. బాగా లేనిది మేము.

శనివారం ఎమెట్ నోలాని తీసుకుని వచ్చాడు. వేసవంతా పెద్దమ్మ దగ్గర ఉండి వస్తున్న పిల్ల, కాస్త ఒళ్లు చేసి ఉంటుందని గుమ్మం దాకా ఎదురెళ్లాను. కారు దిగిన పిల్లను చూద్దును కదా, పెదవులు వాచి వేలాడుతున్నాయి. ఆదివారం తెల్లారేసరికి కళ్లు మూసుకుపోయాయి. నోటి నిండా పొక్కులు. గుక్కెడు నీళ్లు మింగలేక పిల్ల గిలగిల్లాడింది. కన్నతండ్రి కదా, ఎమెట్ దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మూడాకుల తీగ తగిలితే వచ్చే దద్దుర్లేనట. అవి ఒంటి మీద కదా రావాలి, గొంతులోకి ఎలా వెళ్లాయో తనకి అంతుపట్టడం లేదన్నాడు డాక్టరు. సూదులు పొడిచి అక్కడే పడుకోబెట్టుకున్నారు. ఇవాళే ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పటికీ మాట పెగలడం లేదు. ఏదడిగినా గుసగుసగానే చెబుతోంది.

డాక్టరుకి అంతుపట్టకపోతే పోయింది, నాకు పట్టింది. దాని పెట్టె విప్పితే బట్టల మధ్య నీ సీసా కనబడింది. నారింజ రంగు నీళ్లు, అడుగున మడ్డి. ఇదేమిటే అంటే, "పెద్దమ్మ ఇచ్చింది, దురదకి" అంది. ఏం చేశావే దీన్ని అంటే నోరు చూపించింది. తొమ్మిదేళ్ల పిల్ల చేత కలుపు మొక్కల కషాయం తాగించావన్నమాట. ఆ నీళ్లు సింకులో పోశాను. సీసా కూడా పగలగొట్టి పారేశాను.

ఆకులు ఉడకబెట్టి ఆ లోయలో ఎవరికైనా పూసుకో, ఎవరూ వద్దనరు. నా పిల్ల జోలికి మటుకు రాకు. వచ్చే వేసవికి నోలా రాదు. ఆ పై వేసవికీ రాదు. నువ్వు పంపిన ఎండు చిక్కుడుకాయల దండ ఉంచుకున్నాను, అది ఎమెట్‌కి ఇష్టం కాబట్టి.

డెల్ఫియా


సారెల్ వాగు, కెంటకీ
2 సెప్టెంబరు 1957

డెల్ఫీ,

నన్ను తిట్టడానికి నీకు కాగితం రెండు వైపులా సరిపోలేదు, అంచుల మీద కూడా రాశావు. పిల్ల ఏం తింటోంది, జ్వరం ఉందా, రాత్రి నిద్రపోతోందా, ఒక్క ముక్క లేదు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ముందు ఆ సంగతులు రాసి, తర్వాత తీరిగ్గా తిట్టు.

ఆ నీళ్లు తాగడానికి కాదు. తాగమని అమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అది చిటపటాకు కషాయం. వాగొడ్డున నీడలో పెరుగుతుంది చూడు, ముట్టుకుంటే గింజ చిట్లుతుంది, నేను కోసుకొస్తే నువ్వు అరుగు మీద కూర్చుని ఆ గింజలు నా మొహాన కొట్టేదానివి. దాని కాడలు దంచి, నీళ్లు నారింజ రంగుకి తిరిగేదాకా మరిగించి, వడకట్టి సీసాలో పోస్తాను. చల్లారాక మెత్తటి గుడ్డ ముంచి దద్దురు మీద అద్దాలి. బెర్రీ పొదల్లో తిరిగి నోలా కాళ్ల మీద దద్దురు లేస్తే అద్దుకోమని ఇచ్చాను. నోరు చూపించిందంటే నొప్పి అక్కడ ఉందని చూపించి ఉంటుంది. ఆ మాత్రం ఆలోచించకుండా సీసా పగలగొట్టావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

గొంతులోకి వెళ్లిందంటే అది పొగ. ఇంకేమీ కాదు. మీ ఆయన శుక్రవారం నా గుమ్మంలో నిలబడి, దారిలో నది ఒడ్డున మంట వేసి సాసేజీలు కాలుద్దాం అని పిల్లకి మాటిచ్చాడు. నా చెవులతో విన్నాను. ఒహాయోలో పుట్టినవాడికి ఏ కట్టెకి ఏ తీగ చుట్టుకుని ఉందో ఏం తెలుస్తుంది? మూడాకుల తీగ ఉన్న కట్టె తగలబెడితే ఆ పొగ పీల్చినవాళ్ల గొంతు పచ్చి పుండవుతుంది. వెళ్లి మీ ఆయన్ని అడుగు. నన్ను అడిగినంత గట్టిగా అడుగు.

పిల్లని పంపనంటావా? ఈ ఇంట్లో జూన్ నుంచి ఆగస్టు దాకానే ఇంకో మనిషి గొంతు వినబడుతుంది. మిగతా నెలలన్నీ నేనూ, పొయ్యీ, ఆవూ. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే రాశావు ఆ మాట.

ఇంకా నీ అక్కనే,
ఒర్లీనా


డేటన్
9 సెప్టెంబరు 1957

ఒర్లీనా,

ఎమెట్‌ని అడిగాను. ఆ రోజు దారంతా వాన. మంట వెయ్యలేదు, నది మొహమే చూడలేదు. రోడ్డు పక్క హోటల్లో సూపు తాగి కారులోనే కునుకు తీశారు. చెయ్యని తప్పు నా మొగుడి నెత్తిన రుద్దినందుకు ముందు అతనికి క్షమాపణ రాయి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, కూర్చుని చదువు. మొన్న నోలా గొంతు కొంచెం పెగిలింది. పక్కన పడుకోబెట్టుకుని నెమ్మదిగా అడిగాను. "పెద్దమ్మ చేసిన రొట్టెలో ఆకు తిన్నా అమ్మా, పాలు పెట్టుకునే ఊటగది దగ్గర. నీలాగే" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ గొంతు నొప్పితో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక చాలే, నాకు అర్థమైంది, పడుకో అన్నాను.

ఎంత పని చేశావక్కా. నాన్న అలవాటు నిలబెడదామనుకున్నావేమో, తప్పని నేను అనను. ఆ మూడాకుల తీగ ఆకు లోపలికి వెళితే జన్మలో మళ్లీ దద్దురు రాదని నాన్న చెప్పింది నిజమే, నన్ను చూస్తే తెలియడం లేదా? నాలుగేళ్లప్పుడు తిన్నాను. ఇప్పటిదాకా ఒక్క దద్దురు ఎరగను. ఇక్కడి ఆడవాళ్లు కంచె దగ్గర తీగ చూసి పది అడుగులు వెనక్కి వేస్తారు, నేను నవ్వుతాను. కానీ నాన్న పెట్టింది ఏప్రిల్లో. ఎలుక చెవంత లేత ఆకు, అదీ ఒక్కటే. ఎండలు ముదిరాక ఆ ఆకులో ఎంత విషం ఊరుతుందో, ఊరంతటికీ మందులిచ్చే నీకు తెలియదా? ఆగస్టులో అరచేయంత ఆకు నా పిల్ల నోట్లో కుక్కావు. చేతకానప్పుడు మానెయ్యాలి. పైగా దొరికిపోతానని నా మొగుడి మీదికి తోశావు.

నోలాకి క్రిస్మస్‌కి స్కూల్లో ఒక్కదానికే పాట ఇచ్చారు. గొంతు మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. నా గొంతే దానికి వచ్చిందని చర్చిలో అందరూ అంటారు. ఇప్పుడది నీలాగా కప్ప గొంతుతో మిగిలిపోతే నేనేం చెయ్యాలి? పొద్దుటి నుంచి అదే ఆలోచిస్తూ గిన్నెలు తోముతున్నాను, రెండు పగిలాయి.

నీకు పిల్లలు లేరు. అందుకే నీకు ఇది అర్థం కాదు.

డెల్ఫియా


సారెల్ వాగు
16 సెప్టెంబరు 1957

డెల్ఫియా,

నీ ఉత్తరం చదివి దాన్ని పొయ్యిలో పెట్టాను. తర్వాత బ్యూలా ఇంటికి వెళ్లాను. వాగుకి అవతల ఉండే బ్యూలా తెలుసు కదా, వేసవంతా నోలా ఆడుకున్నది దాని పిల్లలతోనే. ముగ్గుర్నీ అరుగు మీద వరసగా నిలబెట్టి అడిగాను. ముందు బిక్కమొహాలు వేశారు. నేను కదలకపోయేసరికి చెప్పారు.

నోలాని వాళ్లు ఏడిపించారట. ఒహాయో చర్మం, పాల మీగడ చర్మం, ఆకు కంటపడితేనే దద్దుర్లొస్తాయి అన్నారట. దానికి రోషం వచ్చింది. మా అమ్మ ఎవరనుకున్నారు, మా అమ్మ చిన్నప్పుడే ఆకు తిన్న మనిషి, మాది ఆ రక్తం అంది. అయితే తిని చూపించు అన్నారు. నా వంటింట్లోంచి రొట్టె ముక్క తెచ్చుకుంది. ఊటగది గోడ మీది తీగ నుంచి ఆకు తుంచింది. రొట్టెలో మడిచి, వాళ్ల ముందు నమిలి మింగి, నోరు తెరిచి పచ్చగా ఉన్న నాలుక చూపించింది. నేను అప్పుడు పెరట్లో దాని గౌనుకి బొత్తాం కుడుతున్నాను.

నాలుక చూపించాలని దానికి ఎవరు చెప్పారు? నేను ఈ ఇంట్లో ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నాన్న మన నోళ్లు తెరిపించి నాలుక చూసేవాడన్న సంగతి నాకూ నీకూ తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. ప్రతి ఆదివారం మీ బల్ల దగ్గర చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ ఆ కథ చెప్పి చెప్పి పిల్ల బుర్రలోకి ఎక్కించింది నువ్వు. ఆ ఆకు నేను కుక్కలేదు డెల్ఫియా. నీ గొప్పలు కుక్కాయి.

ఇంకొకటి కూడా విను. ఇన్నాళ్లూ చెప్పలేదు, చెప్పకుండానే పోదామనుకున్నాను. పిల్లలు లేరు కాబట్టి అర్థం కాదన్నావు చూడు, ఆ మాటతో నా నోటి కట్టు నువ్వే తెంచావు.

నువ్వు ఆకు తినలేదు.

నీకు నాలుగేళ్లు, నాకు పదకొండు. ఆ చలికాలమంతా నువ్వు కోరింత దగ్గుతో దగ్గి దగ్గి ఎముకలగూడు అయిపోయావు. ఏప్రిల్ వచ్చింది, ఈసారి చిన్నదానికీ పెడతానన్నాడు నాన్న. అంతకు ముందు ఏడు నేను తింటే నోరంతా మంటెత్తింది, నాకు తెలుసు దాని సంగతి. పొద్దున్నే లేచి గట్టు మీద అడవి స్ట్రాబెర్రీ ఆకు ఒకటి తుంచి గౌను జేబులో పెట్టుకున్నాను. దానికీ మూడు రెక్కలే ఉంటాయి కదా, రొట్టెలో మడిస్తే తేడా తెలియదు. నాకు నిరుడు సరిగా పట్టలేదని నాన్న నాకూ నీకూ, ఇద్దరికీ రొట్టెలు ఇచ్చి కాఫీ కోసం పొయ్యివైపు తిరిగాడు. నీ రొట్టెలోది తీసేసి నాది పెట్టాను. తీసింది ఎక్కడ పడెయ్యను? ఆయన తిరగనే తిరిగాడు. పిల్లలు ఆకు పారేస్తారని చేతులూ, జేబులూ కూడా చూసేవాడు. నోట్లో పెట్టుకున్నాను. నా ఆకూ తిన్నాను, నీదీ తిన్నాను.

తర్వాత వచ్చిన జబ్బుకి నాన్న గొంతువాపు అని పేరు పెట్టాడు. అమ్మ పేరు పెట్టలేదు. చిటపటాకు కషాయంలో గుడ్డ ముంచి నా పెదవులూ, మెడా అద్దుతూ కూర్చుంది, ఎన్ని రాత్రులో నాకు తెలియదు. ఏ కాడ కొయ్యాలో, ఎంత మరగాలో అప్పుడే చెప్పింది. ఇంకేదీ మింగలేను, మాట్లాడలేను కాబట్టి వింటూ పడుకున్నాను. అంతకు ముందు చర్చిలో పాటలకి ముందుగా పాదం అందించేదాన్ని నేను. పెద్దవాళ్లంతా నా వెనక అందుకునేవాళ్లు. అది నీకు గుర్తుండదు. నీకు తెలిసిన నా గొంతు కప్ప గొంతే.

నువ్వు దద్దుర్లు ఎరగవంటే, నువ్వెప్పుడు పొదల్లోకి వచ్చావు కనుక? పిల్ల ఊపిరితిత్తులు మంచివి కావని అమ్మ నిన్ను అరుగు దిగనివ్వలేదు. మేం బెర్రీలు కోసుకొస్తే నువ్వు అరుగు మీద కూర్చుని పాటలు పాడుతూ తిన్నావు. పద్దెనిమిదేళ్లకి పెళ్లి చేసుకుని సిమెంటు రోడ్ల మీదికి పోయావు.

నోలా గొంతు ఎలా ఉందో ఎమెట్ చేత ఒక కార్డు రాయించు. అతనికి క్షమాపణలు. నీకు లేవు.

ఒర్లీనా


డేటన్
30 సెప్టెంబరు 1957

ఒర్లీనాకి,

నీ ఉత్తరం పది సార్లు చదివాను. ఎమెట్‌కి చూపించలేదు. అతని ముందు నా అక్క పరువు తీయడం ఇష్టం లేక.

నోలాని అడిగాను. నువ్వు పెట్టలేదనీ, తనే తిన్నాననీ చెప్పింది. అది నిజం, ఒప్పుకుంటున్నాను. కథ చెప్పింది నేనే, అదీ ఒప్పుకుంటున్నాను. నోలాని దగ్గరికి తీసుకుని ఏడ్చాను కూడా. అక్కడితో ఆగి ఉంటే నీకు క్షమాపణ రాసేదాన్నే.

కానీ నువ్వు ఆగలేదు. నాకు పుట్టింటి నుంచి వచ్చినవి రెండే రెండు. ఒకటి నాన్న పెట్టిన ఆకు, రెండోది గొంతు. ఆ రెండూ నీ దయాభిక్షే అని చెబుతున్నావు ఇప్పుడు. నాన్న చచ్చిపోయాడు, అమ్మ చచ్చిపోయింది, అడగడానికి ఎవరూ లేరు. నీకు ఎప్పుడూ నా మీద కడుపుమంటే. నేను పాడుతుంటే నువ్వు లేచి బయటికి వెళ్లిపోయేదానివి, చిన్నప్పుడే గమనించాను.

అందుకని నేనేం చేశానో విను. రైలు కట్ట పక్కన టెలిఫోను స్తంభం నిండా ఆ తీగే ఉంది, ఆకులు ఎర్రబడుతున్నాయి. ఎమెట్, నోలా చూస్తుండగా గుప్పెడు తుంచి రెండు చేతులకీ మోచేతుల దాకా రుద్దుకున్నాను. నోలా ఏడ్చి గోల చేసింది. ఎమెట్‌కి మతి పోయింది. అది గురువారం. ఇవాళ సోమవారం. నా చేతులు చూసుకుంటున్నాను. పెళ్లినాటి చేతుల్లా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు.

ఇప్పుడు చెప్పు, నేను తిన్నది స్ట్రాబెర్రీ ఆకా?

డెల్ఫియా


సారెల్ వాగు
4 అక్టోబరు 1957

మతిలేనిదానా,

ముప్పై ఆరేళ్లొచ్చాయి, ఒక పిల్ల తల్లివి, తొమ్మిదేళ్ల నోలా చేసిన పనే నువ్వూ చేశావు. అది కనీసం బ్యూలా పిల్లల ముందు చేసింది. నువ్వు దాని ముందే చేశావు.

ఆ తీగ ఒంటికి తగలడం మొదటిసారి అయినవాళ్లకి దద్దురు వెంటనే రాదు. వారం పడుతుంది, ఒక్కొక్కళ్లకి అంతకన్నా ఎక్కువే. ఈ లోయలో ఇది అందరికీ తెలుసు, అరుగు దిగని నీకు తప్ప. మర్నాడే వచ్చేది మాలాంటి వాళ్లకి, ఒళ్లు దానికి అలవాటు పడ్డవాళ్లకి. సోమవారం దాకా రాలేదని పండగ చేసుకుని ఉత్తరం రాశావు. నీ సంబరం పాడు చెయ్యాలని లేదు. కొన్నాళ్లు ఆగు.

ఈ ఉత్తరంతో పాటు బస్సులో ఒక డబ్బా వస్తుంది. అందులో పాత దుప్పటి గుడ్డ చుట్టి సీసా పెట్టాను. రెండు మంచు రాత్రులు పడ్డాయి, చిటపటాకు నేలకి వాలిపోయింది. ఊటగది వెనక, రాతి చాటున నాలుగు కాడలు పచ్చగా మిగిలి ఉంటే అవి కోసి మరిగించాను. ఈ ఏటికి ఇదే ఆఖరు. సింకులో పొయ్యకు. సీసాతో పాటు నేను కాచిన సబ్బు కూడా ఉంది. ఆ రోజు కట్టుకున్న బట్టలూ, చెప్పులూ అన్నీ దాంతో ఉతికి ఎండలో వెయ్యి, ఆ తీగ జిడ్డు బట్టల్లో నెలల తరబడి ఉంటుంది. నోలా వాటిని ముట్టుకోకూడదు.

వచ్చాక వేడినీళ్లు పోసుకోకు. పోసుకుంటే హాయిగా ఉంటుంది, తర్వాత నరకం కనబడుతుంది. గుడ్డ ముంచి అద్దు, రుద్దకు. ఓట్‌పిండి గంజి చల్లార్చి పట్టించినా మంచిదే. పడుకునే ముందు చేతులకి పాత మేజోళ్లు తొడుక్కో, నిద్రలో గోక్కుంటావు. బ్యూలా మజ్జిగలో తుపాకి మందు కలిపి రాస్తుంది, ఎవరైనా చెప్పినా ఆ పని చెయ్యకు. గొంతులో గానీ, కళ్ల దగ్గర గానీ వాపు కనబడితే నా సీసా పక్కన పెట్టి ఆ డాక్టరు దగ్గరికే పరిగెత్తు. పిల్లని బతికించింది అతను, నా నీళ్లు కాదు. ఆ మాత్రం నాకూ తెలుసు.

నువ్వు పాడుతుంటే లేచి వెళ్లిపోయేదాన్నన్నావు. నిజమే, వెళ్లేదాన్ని. నువ్వు తప్పు పాడినప్పుడు నా నోరు ఊరుకునేది కాదు, తెరిస్తే కప్ప అరుపు వచ్చేది. అందుకని వెళ్లి ఆవు దగ్గర నిలబడేదాన్ని. అది కడుపుమంటే అనుకో. నేను కాదనను.

ఒర్లీనా


డేటన్
12 అక్టోబరు 1957

పెద్దమ్మా, ఇది నేను, నోలాని, రాస్తున్నాను. అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. అమ్మ చేతులు రెండూ మేజోళ్లలో ఉన్నాయి. ఇక్కడి నుంచి అమ్మ మాటలు.

ఒర్లీనా అక్కా,

ఆదివారం చర్చిలో పాట మొదలుపెట్టబోతుంటే ఎడమ మణికట్టు చురుక్కుమంది. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రటి గీతలు, రాత్రికి పొక్కులు. నువ్వు చెప్పినట్టే వచ్చాయి. (అమ్మ చేతులు ఉడికించిన సాసేజీల్లా ఉన్నాయి. ఇది రాయొద్దంది.) నీ డబ్బా అంతకు ముందు రోజే వచ్చింది. దాన్ని అటక మీద పెట్టి, తియ్యను గాక తియ్యను అన్నాను. ఆదివారం రాత్రి ఎమెట్ నిచ్చెన వేసి దించాడు. సీసా మూత తీసి గుడ్డ నోలా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా కోపం విను, ఇంకా అయిపోలేదు. నాలుగేళ్ల పిల్లకి చెప్పలేదు, సరే. పదేళ్లప్పుడు ఎందుకు చెప్పలేదు? పెళ్లిలో ఎందుకు చెప్పలేదు? నీ మొహం మీదే నిన్ను కప్ప అన్నాను. నా పెళ్లిలో చుట్టాలందరి ముందూ అన్నాను, అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మాట నా నోట వచ్చేదా? నీ రొట్టె నువ్వు తిని, నా రొట్టెలోది కూడా నువ్వు తిని, ఇన్నేళ్లు నన్ను గొప్పలు చెప్పుకోనిచ్చి, నన్ను ఎంత చెడ్డదాన్ని చేశావో నీకు తెలుసా? నీ మీద నాకు ఎంత ఒళ్లు మండుతోందంటే, చేతుల మంట తెలియడం లేదు. (తెలుస్తోంది పెద్దమ్మా, రాత్రంతా లేచి కూర్చుంటోంది.)

ఆ ఆదివారం పాట మధ్యలో ఆపేశాను. దురద అనుకున్నారు అందరూ. దురద కాదు. నోరు తెరిచాను, ఇది ఎవరి గొంతు అనిపించింది. ఈ ఆదివారం కూడా పాడనని చెప్పేశాను.

నోలాకి గొంతు తిరిగి వచ్చింది. డాక్టరు పాడవచ్చన్నాడు. (నిన్న వంటింట్లో మొదటి చరణం పాడాను. రెండో చరణంలో కొంచెం జీర వచ్చింది. అమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.) సీసా సగానికి వచ్చింది. గుడ్డ నోలాయే ముంచి అద్దుతోంది. రుద్దొద్దు అని నన్నే కసురుతోంది, అచ్చం నువ్వు మాట్లాడినట్టే.

ఇంకేం చెప్పను. నోలా, పేరు రాసెయ్యి.

డెల్ఫియా

(పెద్దమ్మా, నేను వేసవికి రానా? అమ్మని అడిగితే, ఆవిడ్ని అడుగు, తప్పు చేసిన ఇంటి పిల్లని రానిస్తుందో లేదో అంది.)


సారెల్ వాగు
17 అక్టోబరు 1957

డెల్ఫీ,

రెండో సీసా లేదు, చెప్పానుగా, మంచు తినేసింది. మిగిలిన సగం పొదుపుగా వాడు. అయిపోయాక చల్లటి గంజి. పొక్కులు ఎండి పొరలు రాలేదాకా దురద ఉంటుంది, ఏం చేసినా ఉంటుంది. ఉండనీ. కొంత నీకు రావలసిందే.

పాడనని చెప్పావా? ఎవరిని అడిగి చెప్పావు? నీ గొంతు కాపాడడానికి ఆ పని చేశాననుకుని అక్కడ కూర్చుని ఏడవకు. నువ్వు పాడతావని నాకేం తెలుసు? అప్పుడు నువ్వు ముక్కు కారుతూ నా గౌను పట్టుకుని తిరిగే పిల్లవి. నాన్న ఇటు తిరిగాడు, నా చేతిలో ఆకు ఉంది, పడేసే చోటు లేదు. అంతే. ఇంకాస్త బుర్ర ఉంటే పొయ్యిలోకి విసిరేదాన్ని. అది నీకు బాకీ కాదు, తీర్చాలని చూడకు. ఆదివారం వెళ్లి పాడు. నువ్వు పాడడం మానేస్తే రెండు ఆకులూ నేను ఊరికే తిన్నట్టవుతుంది. అప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. ఇప్పటిదాకా వచ్చింది కోపమే కాదనుకో.

ఎందుకు చెప్పలేదని అడిగావు. నాన్న ఊరంతా నిన్ను చూపించి మురిసిపోయేవాడు. ఆయన పోయాక నువ్వు మురిసిపోయావు. ఎక్కడ ఆపమంటావు? నవ్వానన్నావు కదా పెళ్లిలో. నవ్వలేదు. పెదవులు అలా పెట్టాను. మొత్తం నీ తప్పే అని ఇప్పుడు రాయాలని ఉంది, రాయడం లేదు.

నోలాకి చెప్పు. బడి మూసిన మర్నాడే బయలుదేరాలి. మే నెలాఖరుకి చిటపటాకు మోకాలెత్తు వస్తుంది, పూత రాకముందే కొయ్యాలి, నా నడుం ఇదివరకులా వంగడం లేదు. ఊటగది గోడ మీది తీగ వేళ్లతో సహా పీకించాను. కాల్చలేదు, గొయ్యి తీసి పాతించాను. బ్యూలా పిల్లలే తవ్వారు, చేతులకి నా మేజోళ్లు తొడిగి తవ్వించాను. నోలాని ఇక ఏడిపించరు. ఏడిపిస్తే నా దగ్గరికి రమ్మను.

దాన్ని బస్సులో ఒంటరిగా పంపకు. నువ్వూ రా. నువ్వు ఈ ఇంటికి వచ్చి ఎన్నేళ్లయిందో నీకు గుర్తుందా? రాగానే ఇద్దరికీ రొట్టెలు పెడతాను. నీది నీ ముందే విప్పి చూపిస్తాను. వెన్న తప్ప ఏమీ ఉండదు.

అక్క